అది జువాలజీ కదా మేడమ్!

పంజాగుట్ట చౌరస్తా దాటి లోపలి గల్లీల్లోకి తిరిగితే ఏడాది పొడవునా ఏదో ఒక ఫ్లెక్సీ వేలాడుతూనే ఉంటుంది. నాయకుల పుట్టినరోజులు, బోనాల శుభాకాంక్షలు, వాటి మధ్య తరచుగా ఒక పన్నెండు పదమూడేళ్ళ పిల్ల. పట్టుచీర, వడ్డాణం, జడ నిండా పూలు. కింద పెద్ద అక్షరాలతో పేరు, ఫంక్షన్ హాలు అడ్రసు, భోజనాల టైము. ఆ కింద వరసగా మేనమామలు, బాబాయిలు, వీలైతే కార్పొరేటరు. ఆ పిల్లకు మొదటి ముట్టు వచ్చిందన్న వార్త అది. ఇస్త్రీ బండి అతనికి తెలుసు, కిరాణా కొట్టు సేటుకు తెలుసు, ఆ దారిన బడికి పోయే మగపిల్లలందరికీ తెలుసు. ఆ పిల్ల ఒంట్లో ఏం జరిగిందో తెలియనిది ఆ పిల్ల ఒక్కదానికే.

ఎందుకంటే ఆమెకు ఎవరూ చెప్పలేదు. చిమ్మిలి తినిపించారు, మూల కూర్చోబెట్టారు, దేవుడి గదిలోకి రావద్దన్నారు, ఇక మీదట మగపిల్లలతో ఆడొద్దన్నారు. "ఎందుకు?" అంటే "పెద్దమనిషివయ్యావు కాబట్టి" అన్నారు. లక్షలు ఖర్చుపెట్టి వీధంతా చాటింపు వేసిన విషయాన్ని, ఆమె పక్కన కూర్చుని పది నిమిషాలు విప్పి చెప్పడానికి మాత్రం సిగ్గు అడ్డం వచ్చింది!

ఈ వింత సిగ్గు గురించే నా గొడవంతా.

నేను ఇంటర్మీడియెట్ బైపీసీ పిల్లలకు జువాలజీ చెబుతూ ఇరవై ఏళ్ళకు పైగా అమీర్‌పేట, ఎస్.ఆర్. నగర్, పంజాగుట్టల మధ్యే తిరిగాను. ఒక కాలేజీలో మానేసి ఇంకో కాలేజీలో చేరడం, సాయంత్రాలు ఎంసెట్ క్లాసులు, తర్వాత నీట్ క్లాసులు. ఈ ప్రాంతం సంగతి తెలియని వాళ్ళుండరు. మైత్రీవనం చుట్టూ గోడలు కనిపించనన్ని కోచింగ్ బోర్డులు. వాటి వెనక సందుల్లో నాలుగైదు అంతస్తుల లేడీస్ హాస్టళ్ళు. గదికి నలుగురు, ఆరుగురు. నల్గొండ నుంచి, ఖమ్మం నుంచి, ఒంగోలు నుంచి, కర్నూలు నుంచి వచ్చిన పదిహేను, పదహారేళ్ళ పిల్లలు ట్రంకు పెట్టెల మీద పుస్తకాలు పెట్టుకుని తెల్లారుజామున నాలుగింటికి లేచి చదువుతారు. అమ్మ దగ్గర ఉండదు. అక్క దగ్గర ఉండదు. ఇంటికి ఫోను ఆదివారమే.

చేర్పించడానికి వచ్చిన తల్లులు ఏటా నాతో అనే మాట ఒకటుంది. "మా పిల్లకు ఏమీ తెలియదు మేడమ్, ఉత్త అమాయకురాలు, కాస్త చూసుకోండి." ఈ మాటను భయంగా కాదు, గర్వంగా అంటారు. ఫిజిక్సు తెలియదంటే సిగ్గుపడే తల్లి, కెమిస్ట్రీలో మార్కులు తగ్గితే కళ్ళనీళ్ళు పెట్టుకునే తల్లి, తన కూతురికి తన శరీరం గురించి ఏమీ తెలియదని మాత్రం టీసీతో పాటు జతపరిచే కాండక్ట్ సర్టిఫికెట్‌లా చెబుతుంది. ఆడపిల్లకు తెలియకపోవడమే శీలం! తెలిసిందంటే ఎక్కడ తెలిసింది, ఎవరు చెప్పారు, ఎంతవరకు పోయింది అని ఆరా. తల్లుల్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. వాళ్ళకూ వాళ్ళ అమ్మలు చెప్పలేదు. డాక్టర్ సమరం గారి ప్రశ్నలు జవాబుల శీర్షికను దిండు కింద దాచుకుని చదివిన తరం మాది. కానీ ఆ గర్వం ఉందే, దాని ధర పిల్లలు కడుతున్నారు.

ఇక్కడ పాఠకులకు ఒక అనుమానం రావాలి. బైపీసీ పిల్లలకు తెలియకపోవడమేమిటి? రెండో సంవత్సరం జువాలజీలో మానవ ప్రత్యుత్పత్తి వ్యవస్థ ఉంది, ప్రత్యుత్పత్తి ఆరోగ్యం ఉంది. అండోత్సర్గం, ఎల్.హెచ్., ఎఫ్.ఎస్.హెచ్., జరాయువు, గర్భనిరోధక పద్ధతులు, ఎం.టి.పి., లైంగిక వ్యాధులు... అన్నీ ఉన్నాయి. నిజమే. పల్లెటూరి బడుల్లో సారు సిగ్గుపడి "ఇది ఇంటి దగ్గర చదువుకోండి" అని పేజీలు తిప్పేసేవాడేమో గానీ, మా దగ్గర ఆ పాఠం ఎవరూ వదలరు. నీట్‌లో దాని నుంచి ప్రశ్నలొస్తాయి! కంఠతా పట్టిస్తారు. హార్మోన్లు గుర్తుండడానికి కొండగుర్తులు చెబుతారు, గ్రాఫులు గీయిస్తారు, వారానికో టెస్టు పెడతారు. శరీరం ఒక్కటే ఉండదు ఆ పాఠంలో. ఋతుచక్రం ఇరవై ఎనిమిది రోజులు, పద్నాలుగో రోజు అండం విడుదల. ఆప్షన్ సి. అయిపోయింది. "నాకు ముప్పై ఎనిమిది రోజులకొస్తుంది, నాకేదైనా జబ్బా?" అని అడగడానికి ఆ క్లాసులో చోటులేదు. ఇరవై ఒకటి నుంచి ముప్పై అయిదు రోజుల దాకా మామూలేననీ, మొదటి కొన్నేళ్ళలో నలభై అయిదు రోజుల దాకా కూడా పోవచ్చనీ, ఇరవై ఎనిమిది అన్నది ఒక సగటు లెక్క మాత్రమేననీ చెప్పడానికి ఒక నిమిషం పడుతుంది. ఆ నిమిషానికి మార్కులు లేవు.

2014లో నేను పనిచేసిన ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో రెండో సంవత్సరం పిల్ల ఒకామె. పదిహేడేళ్ళు. ఊరు, జిల్లా చెప్పను. సంక్రాంతి సెలవులు, దసరా సెలవులు తప్ప హాస్టలు దాటని పిల్ల. టెస్టుల్లో ఎప్పుడూ మొదటి అయిదుగురిలో ఉండేది. క్లాసులో రెండుసార్లు కళ్ళు తిరిగి పడింది. రక్తహీనత అనుకున్నారు. అనుకోవడంలో ఆశ్చర్యం లేదు, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కూడా తెలంగాణలో పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ళ ఆడపిల్లల్లో పదిమందిలో ఆరుగురికి పైగా రక్తహీనత ఉన్నవాళ్ళే. ఐరన్ మాత్రలిచ్చారు. మూడోసారి పడినప్పుడు ఆసుపత్రికి తీసుకుపోతే, ఇరవై వారాలు దాటిన గర్భం అన్నారు.

సెలవులకు ఊరెళ్ళినప్పుడు మేనబావ. పెళ్ళి ఎటూ అతనితోనే అని చిన్నప్పటి నుంచీ ఇంట్లో అందరూ అనుకునేదే. ఆమె దాన్ని అత్యాచారమనీ అనలేదు, ఇష్టమనీ అనలేదు. "బావ కదా" అంది. అంతే. ఆ ఒక్క మాటలో ఎంత ఉందో విడదీసి చూసుకోవడానికి ఆమెకు ఎవరూ మాటలు ఇవ్వలేదు. ఇష్టానికీ ఒప్పుకోలుకీ, ఒప్పుకోలుకీ ఊరుకోవడానికీ తేడా ఏ పాఠంలో చెప్పాం గనక?

నెలనెలా రాకపోతే అనుమానం రాలేదా అమ్మా అని అడిగాను. టెన్షన్ వల్ల ఆగిపోతాయని గదిలో అక్కలు చెప్పారంది. ఆ మాటా అబద్ధం కాదు, పరీక్షల ఒత్తిడికి ఆగిపోయేవాళ్ళూ ఉంటారు. గర్భధారణ పరీక్షలో మూత్రంలో కనిపించే హార్మోను ఏది అన్న ప్రశ్నకు ఆ వారమే ఈ పిల్ల సరైన జవాబు రాసింది. ఆ సంగతి గుర్తుచేస్తే ఆమె నా వైపు అర్థంకానట్టు చూసి, "అది జువాలజీ కదా మేడమ్!" అంది.

ఎకసెక్కం కాదు. నిజంగానే ఆమెకు ఆ రెండిటికీ సంబంధం తోచలేదు. కప్ప జీర్ణవ్యవస్థ ఎలాగో, స్త్రీ ప్రత్యుత్పత్తి వ్యవస్థ కూడా అలాగే. ఎవరిదో, ఎక్కడో, పుస్తకంలో.

తర్వాత జరిగింది క్లుప్తంగా చెబుతాను. 1971 గర్భస్రావ చట్టం అప్పట్లో ఇరవై వారాల దాకానే అనుమతించేది. ఆ గడువు దాటిపోయింది. రెండు నెలల ముందు ఆమెకు అనుమానం వచ్చి ఉంటే, ఎవరితోనైనా చెప్పుకోగలిగి ఉంటే, చట్టం ఆమె పక్కన ఉండేది. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్ల కాబట్టి సంరక్షకుల సంతకం కావాలి, నిజమే, కానీ దారంటూ ఉండేది. 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పక తప్పదని ఆసుపత్రి వాళ్ళు అనేసరికి, ఆమె తండ్రి ఆ రాత్రే పిల్లను తీసుకుని ఊరికి వెళ్ళిపోయాడు. యాజమాన్యం ఆ గదిలోని మిగిలిన పిల్లల్ని పిలిపించి ఎవరితోనూ మాట్లాడొద్దని చెప్పింది. ఆమె హాల్ టికెట్ వచ్చింది, ఎవరూ తీసుకోలేదు. ఆ బావతోనే పెళ్ళి చేశారని తర్వాత తెలిసింది. ఎవరికీ ఏ శిక్షా పడలేదు, చదువు పోగొట్టుకున్న ఆ పిల్లకు తప్ప.

దీని గురించి ఎక్కడ మాట్లాడినా ఎదురయ్యే మొదటి మాట, "ఇవన్నీ మన సంస్కృతి కాదు" అని. ఈ మాటకు అధికార ముద్ర కూడా ఉంది. 2005లో కేంద్ర విద్యాశాఖ, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కలిసి బడుల్లో కౌమార విద్యా కార్యక్రమం మొదలుపెట్టాయి. పిల్లల శరీరం బడిలోకి అడుగుపెట్టడానికి కూడా ఎయిడ్స్ భయం కావలసి వచ్చిందన్నది గమనించండి. ఆరోగ్యం కోసం కాదు, హక్కని కాదు, రోగం వస్తుందని. అది కూడా భరించలేకపోయారు. 2007 వచ్చేసరికి పుస్తకాల్లో బొమ్మలు అశ్లీలంగా ఉన్నాయంటూ మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, గుజరాత్, కర్ణాటక వంటి రాష్ట్రాలు దాన్ని ఆపేశాయి. విషయం రాజ్యసభ పిటిషన్ల కమిటీ ముందుకు పోయింది. ఆ కమిటీ అధ్యక్షులు మన నెల్లూరు వారే, వెంకయ్యనాయుడు గారు. 2009లో కమిటీ నివేదిక ఇచ్చింది. మన దేశపు సామాజిక, సాంస్కృతిక విలువల్లో లైంగిక విద్యకు చోటులేదని తేల్చింది. ఆకలి, భయం లాంటి సహజ ప్రవృత్తులను ఎవరూ నేర్పనక్కరలేదు, ఇదీ అంతే అని వాదించింది. కౌమారంలో వచ్చే శారీరక, మానసిక మార్పుల పాఠాన్నీ, ఎయిడ్స్ పాఠాన్నీ ఆ కార్యక్రమం నుంచి తీసేసి, ప్లస్ టూ కంటే ముందు కాకుండా జీవశాస్త్రం పుస్తకాల్లో పెట్టమంది.

ప్లస్ టూ. జీవశాస్త్రం. ఈ రెండు మాటల దగ్గర కాస్త ఆగుదాం.

ముట్టు పన్నెండేళ్ళకొస్తుంది. కమిటీ వారి పాఠం పదహారు, పదిహేడేళ్ళకొస్తుంది. ఈలోపు నాలుగైదేళ్ళు ఆ పిల్ల ఎవర్ని అడగాలి? పోనీ ఆగిందనుకుందాం. ఇంటర్‌లో జీవశాస్త్రం ఎవరు చదువుతారు? బైపీసీ వాళ్ళు. ఎంపీసీ పిల్లలకు గర్భసంచి ఉండదా? సీఈసీ, హెచ్ఈసీ వాళ్ళకు ముట్టు రాదా? అసలు ఇంటర్ దాకా రాని పిల్లల మాటేమిటి? అదే సర్వే ఆంధ్రప్రదేశ్‌లో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి, తెలంగాణలో 23.5 శాతం మందికి పద్దెనిమిదేళ్ళు నిండకముందే పెళ్ళయిందని చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో పదిహేను, పంతొమ్మిదేళ్ళ మధ్య ఆడపిల్లల్లో 12.6 శాతం అప్పటికే తల్లులో, గర్భిణులో. వాళ్ళకు పెళ్ళి చేయడం సంస్కృతి, కాపురానికి పంపడం సంస్కృతి, కానీ కాపురమంటే ఏమిటో ముందుగా చెప్పడం మాత్రం సంస్కృతికి విరుద్ధం! సహజ ప్రవృత్తిని నేర్పనక్కరలేదు, నిజమే. అన్నం తినడమూ ఎవరూ నేర్పరు. కుళ్ళింది తినొద్దనీ, చేతులు కడుక్కోమనీ, ఎవరైనా బలవంతంగా నోట్లో కుక్కితే ఉమ్మేయమనీ నేర్పుతాం కదా?

న్యాయంగా చెప్పాలంటే మన ఉమ్మడి రాష్ట్రం పాఠ్యపుస్తకాలు ఆ కమిటీ మాట వినలేదు. తర్వాత వచ్చిన ఎనిమిదో తరగతి జీవశాస్త్రంలో కౌమార దశ మీద ఒక పాఠమే ఉంది, బాగానే రాశారు. కానీ పుస్తకంలో ఉండటం వేరు, క్లాసులో నోటితో పలకడం వేరు. మా దగ్గరికి వచ్చే పిల్లల్ని ఏటా అడుగుతాను. ఆ పాఠం చెప్పారా? చెప్పలేదు, లేదా ఆడపిల్లల్ని వేరే గదిలో కూర్చోబెట్టి ఒక ప్యాడ్ల కంపెనీ అమ్మాయి వచ్చి చెప్పింది. ఆవిడ చెప్పింది ప్యాడ్ ఎలా పెట్టుకోవాలో, ఏ ప్యాడ్ పెట్టుకోవాలో. వెళ్తూ ఒక ఉచిత ప్యాకెట్ ఇచ్చింది. ప్రభుత్వాలు ప్యాడ్లు పంచుతున్నాయి, 2021లో ఆంధ్రప్రదేశ్ 'స్వేచ్ఛ' పేరుతో బడిపిల్లలకు నెలకు పది ఇవ్వడం మొదలుపెట్టింది, మంచిదే, నేను కాదనను. 2018లో ప్యాడ్ల మీద జీఎస్టీ తీసేయించుకోవడానికి ఆడవాళ్ళు పోరాడవలసి వచ్చిన దేశం ఇది. అయితే ప్యాడ్ కారేదాన్ని పీల్చుకుంటుంది, ప్రశ్నలకు జవాబు చెప్పదు. ఆ సమయంలో మగపిల్లల్ని గ్రౌండుకు పంపేస్తారు. వాళ్ళు కిటికీలోంచి తొంగిచూసి నవ్వుకుంటారు.

మగపిల్లల గురించి కూడా చెప్పాలి. వాళ్ళకు ఎవరూ చెప్పకపోయినా తెలుసు అనుకుంటాం. వాళ్ళకు తెలిసింది ఫోనులో చూసింది. అక్కడ ఆడది "వద్దు" అంటే "కావాలి" అని అర్థం. అక్కడ ఎవరికీ భయం ఉండదు, నొప్పి ఉండదు, కడుపు రాదు, కండోమ్ ఉండదు. పదహారేళ్ళ కుర్రాడు నా క్లాసు అయ్యాక వెనకాలే వచ్చి, నిద్రలో వీర్యం పోతే రక్తం తగ్గిపోతుందా, చదివింది మర్చిపోతామా మేడమ్ అని అడిగి ఏడ్చాడొకసారి. గోడల మీద రాసి ఉండే "సెక్స్ సమస్యలా?" లాడ్జి వైద్యుడికి రెండు వేలు ఇచ్చి వచ్చాడు అప్పటికే. ఇతన్ని అజ్ఞానంలో ఉంచడం వల్ల ఏ సంస్కృతి బాగుపడింది?

ఇక అసలు విషయం. ఈ సిగ్గు మాటల దగ్గరే గానీ చేతల దగ్గర ఉండదు. ఆడపిల్ల శరీరం గురించి ఆమెతో మాట్లాడటానికే మనకు మొహమాటం. ఆ శరీరాన్ని మన అవసరాలకు తిప్పుకోవడానికి ఏమాత్రం లేదు. అమీర్‌పేటలో ఏ మందుల షాపులోనైనా శ్రావణమాసంలో నిలబడి చూడండి. తిరుపతి ప్రయాణముంది, వ్రతముంది, అక్క పెళ్ళుంది, పిల్లకు డేటు ముందుకు జరపాలి, మాత్రలివ్వండి. నోరెథిస్టెరోన్. హార్మోను మాత్ర. చీటీ లేదు, డాక్టరు లేడు, పిల్లను అడిగేది లేదు. నాన్న కొని తెచ్చి ఇస్తాడు, ఏ సిగ్గూ లేకుండా! కొందరు పరీక్షలకు కూడా వేయిస్తారు. హార్మోను అన్న మాట పిల్లలకు చెబితే చెడిపోతారనే ఇల్లు, అదే హార్మోనును దేవుడి కోసం, ర్యాంకు కోసం పిల్ల నోట్లో వేస్తుంది. దేవుడికి లేని పట్టింపు మనకెందుకో నాకు అర్థం కాదు, సరే అది వేరే వ్యాసం.

ఇళ్ళు ఇలా చేస్తే పెద్ద పెద్ద సంస్థలు ఇంకా పెద్దగా చేశాయి. 2009లో ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలు సుమారు పద్నాలుగు వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్.పి.వి. టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన అధ్యయనం అది. వారిలో ఎందరో ఆశ్రమ హాస్టళ్ళ గిరిజన పిల్లలు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో, మహిళా సంఘాల ఆందోళనతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణ తేల్చలేదు. ఆ టీకా అవసరమైనదే, ఈ వాదన టీకా మీద కాదు. విచారణలో బయటపడిన సమ్మతి పత్రాల మీద. పరిశీలించిన 9,543 పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకం పెట్టారు, 1,948 మీద వేలిముద్రలు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఇప్పుడు ఆలోచించండి. ఆ పిల్లలకు గర్భాశయ ముఖద్వారం అంటే ఏమిటో, అది తమ ఒంట్లో ఎక్కడుందో, ఆ వైరస్ ఎలా సోకుతుందో ఎవరైనా చెప్పి ఉంటారా? చెప్పాలంటే లైంగిక విద్య చెప్పాలి మరి! అది సంస్కృతికి విరుద్ధమని అదే ఏడాది ఢిల్లీలో తేల్చేశారు కదా. పేరు పలకకూడని చోటికి రోగం రాకుండా, పేరు చెప్పకుండానే సూది పొడిచారు. 2024 మధ్యంతర బడ్జెట్‌లో తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామని కేంద్రం ప్రకటించింది. బడిలో ఆ సూది వేసే రోజు కనీసం ఒక పీరియడ్ ఆ పాఠానికి ఇస్తారా, లేక పాత వార్డెన్ సంతకమేనా?

"చెబితే ప్రయోగాలు చేస్తారు" అన్నది రెండో అభ్యంతరం. యునెస్కో 2009లో, మళ్ళీ 2018లో ప్రపంచ దేశాల అధ్యయనాలన్నీ కూడదీసి చూసి, సమగ్రమైన లైంగిక విద్య వల్ల పిల్లలు తొందరపడటం పెరగలేదనే చెప్పింది. నాకు యునెస్కో దాకా పోనక్కర్లేదు. తెలియకపోవడం ఎవర్ని ఆపిందో చెప్పండి ముందు. నా విద్యార్థినిని ఆపిందా?

మూడేళ్ళుగా, ఉద్యోగం మానేశాక, ఆదివారాలు హాస్టళ్ళకు పోతున్నాను. అడిగిన పది చోట్ల ఎనిమిది చోట్ల కాదంటారు. ఒప్పుకున్న చోట కూడా షరతులు: "ఆ మాట" అనకూడదు, గంట దాటకూడదు. నేను పిల్లలకు చీటీలిచ్చి పేర్లు రాయకుండా అడగమంటాను. ఒకే హాస్టల్లో ఒకే మధ్యాహ్నం వచ్చినవి కొన్ని. తెల్లబట్ట అయితే ఎముకలు కరిగిపోతాయా? సైకిలు తొక్కితే కన్నెపొర చిరిగిపోతుంది, మొగుడికి తెలిసిపోతుందా? ముద్దు పెట్టుకుంటే కడుపొస్తుందా? మీసాలు వస్తున్నాయి, నేను మగాడిగా మారిపోతానా? ఐపిల్ నెలకు ఎన్నిసార్లు వేసుకోవచ్చు? మా మామయ్య ఇంటికి వెళ్ళాలంటే భయం, ఎవరికి చెప్పాలి?

చివరి దానికోసం మిగిలినవన్నీ అడగనివ్వాలి. తెల్లబట్ట గురించి మాట్లాడలేని పిల్ల మామయ్య గురించి మాట్లాడుతుందా? మాటలే లేనప్పుడు ఫిర్యాదు దేనితో చేస్తుంది? ఐపిల్ ప్రశ్నకు నేను నీతులు చెప్పలేదు. అది డెబ్బై రెండు గంటల్లోపు, అత్యవసరానికి మాత్రమేననీ, వచ్చిన గర్భాన్ని అది తీయలేదనీ, జబ్బులనుంచి కాపాడదనీ చెప్పాను. ఆ చీటీ రాసిన పిల్ల ఎవరో నాకు తెలియదు, తెలుసుకోవలసిన పనీ లేదు. టీవీ ప్రకటనలకు ఆమెతో మాట్లాడే హక్కు ఉన్నప్పుడు ఒక టీచరుకు ఉండకూడదా?

అన్నీ అయ్యాక వార్డెను ఆంటీ నన్ను వంటగది పక్కకు పిలిచింది. ముప్పై నాలుగేళ్ళు. "మేడమ్, నాకు గర్భసంచికి పుండు పడిందన్నారు, తీసేయకపోతే క్యాన్సర్ అవుతుందన్నారు, వచ్చే నెల ఆపరేషను. తీయించుకోమంటారా?" స్కానింగ్ తప్ప ఏ పరీక్షా చేయలేదు. నేను డాక్టర్ని కాను. ఇంకో డాక్టరుకు చూపించుకోమనీ, పాప్ స్మియర్ అనే పరీక్ష ఒకటుందనీ చెప్పి, ఒక స్నేహితురాలి నంబరిచ్చాను. నిమ్స్ కూతవేటు దూరంలో ఉన్న చోట ఇది! కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో పదిహేను, నలభై తొమ్మిదేళ్ళ మధ్య స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద మూడు శాతం పైచిలుకు ఉంటే, మన రెండు రాష్ట్రాల్లో ఎనిమిది శాతం దాటారు. పన్నెండేళ్ళప్పుడు గర్భసంచి ఏమిటో చెప్పించుకోని పిల్ల, ముప్పై ఏళ్ళప్పుడు అది ఎందుకు తీస్తున్నారని ఏ ధైర్యంతో అడుగుతుంది? పిల్లలు పుట్టేశారు, ఇక అది దేనికి అంటారు డాక్టర్లు. ఆమె కూడా అదే అనుకుంటుంది.

ఇదేమీ కొత్త గొడవ కాదు. ఇదే హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన వాళ్ళు 1990ల మొదట్లోనే 'సవాలక్ష సందేహాలు' పేరుతో స్త్రీల ఆరోగ్యం మీద తెలుగులో పుస్తకం తెచ్చారు. ఎవరి శరీరం గురించి వాళ్ళు తెలుసుకోవడం ఉద్యమమే అని చెప్పారు. ఆ పుస్తకం చదివిన మనలో ఎంతమంది మన కూతుళ్ళ చేతిలో అలాంటిది పెట్టాం? మన కూతుళ్ళను ఇదే కాలేజీల్లో చేర్చి, మనమూ ర్యాంకు ఒక్కటే అడగలేదా?

ప్రభుత్వ పథకాలు కాగితం మీద లేకపోలేదు. 2014లో రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం వచ్చింది. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద బడి ఆరోగ్య కార్యక్రమం వచ్చింది, అందులో ప్రత్యుత్పత్తి ఆరోగ్యం ఒక అంశం. 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, మైనరు గర్భస్రావానికి వస్తే పోక్సో కింద చెప్పేటప్పుడు ఆమె పేరు, వివరాలు డాక్టరు వెల్లడించనక్కరలేదని స్పష్టం చేసింది. 2025 అక్టోబరులో అదే కోర్టు, లైంగిక విద్య తొమ్మిదో తరగతి నుంచి కాదు, ఇంకా చిన్న వయసు నుంచే ఉండాలని అంది. ఈ తీర్పులు అమీర్‌పేట సందుల్లోకి ఎవరు మోసుకొస్తారు? ప్రైవేటు జూనియర్ కాలేజీ హాస్టలుకు వచ్చే తనిఖీ అధికారి ఫైర్ సిలిండరు చూస్తాడు, బాత్‌రూములు లెక్కపెడతాడు, పోతాడు. ఆరేడు వందల మంది కౌమార బాలికలుండే చోట వారానికి ఒక రోజైనా నర్సు ఉందా అని అడగడు.

కాబట్టి నేను అడుగుతున్నవి పెద్దవేమీ కావు. ప్రతి జూనియర్ కాలేజీలో, ఏ గ్రూపు వాళ్ళకైనా, ఆడపిల్లలకూ మగపిల్లలకూ, నెలకు రెండు పీరియడ్లు మార్కులు లేని క్లాసు. అనుమతి ఇవ్వాలంటే ఇది ఉండాలని ఇంటర్ బోర్డు నిబంధన పెట్టాలి. హాస్టల్లో ఒక నర్సు, ఆమె నోరు వార్డెను చేతిలో ఉండకూడదు. చైల్డ్‌లైన్ 1098 నంబరు మెస్సు గోడ మీద, మెనూ పక్కన. ఒక కాలేజీ డీన్‌కు ఈ కాగితం ఇస్తే చదివి, "ఇదంతా ఏ సబ్జెక్టు కింద వస్తుంది మేడమ్, వెయిటేజీ ఎంత?" అని అడిగాడు. వెటకారం కాదు, పాపం నిజంగానే అడిగాడు. కాగితం ఆయన బల్ల మీదే ఉంది, మళ్ళీ వెళ్ళి అడుగుతాను.

ఈలోగా పంజాగుట్ట, అమీర్‌పేట, ఎస్.ఆర్. నగర్ చుట్టుపక్కల ఉండే పాఠకులకు ఒక మాట. మీలో డాక్టర్లున్నారు, నర్సులున్నారు, లాయర్లున్నారు, రిటైరైన టీచర్లున్నారు. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి, పిల్లలు బట్టలుతుక్కునే వేళ, గంట తీరిక చేసుకోగలిగితే పత్రిక ద్వారా నాకు కబురు పెట్టండి. మేం ఇద్దరమే ఉన్నాం. ఒప్పుకున్న హాస్టళ్ళు నాలుగున్నాయి. చీటీలు ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి.